మైకు కట్టేశాక పల్లెకి మిగిలేదేంటి?

ఏప్రిల్ దగ్గర పడుతోంది. 5న బాబూ జగ్జీవన్ రామ్, 11న జోతిరావు ఫూలే, 14న బాబాసాహెబ్ అంబేడ్కర్. ఈ పది రోజుల్లో మన పల్లెల్లో, పేటల్లో, గూడేల్లో మోగినన్ని మైకులు మిగతా ఏడాదంతా మోగవు. విగ్రహానికి రంగు వేయించాలి, నీలం తోరణాలు కట్టాలి, షామియానా, కుర్చీలు, మైకు సెట్టు తేవాలి. అన్నిటికీ చందాలే. పదీ ఇరవై వేసేది ఎవరు? కలుపుకీ నాటుకీ పోయొచ్చిన ఆడోళ్లు. తాపీ పనికీ హమాలీకీ పోయొచ్చిన మగోళ్లు. అంటే ఆ మైకు ముందు నిలబడ్డ మనిషి మాట్లాడే ప్రతి నిమిషానికీ ఎవరో తమ కూలి డబ్బుల్లోంచి అద్దె కట్టారన్నమాట. ఈ లెక్క గుర్తుపెట్టుకుని మాట్లాడేవాళ్లు మనలో ఎంతమంది?

ఈసారి సంపాదకీయం అందుకే ఉపన్యాసాల మీద రాస్తున్నాం. "ఒకపక్క దాడులు జరుగుతుంటే, భూములు పోతుంటే, ఉపన్యాసం ఎట్లా చెప్పాలన్నది కూడా ఒక సమస్యేనా?" అని కొందరు మిత్రులు అడగొచ్చు. సమస్యే. మనకి దినపత్రికల్లేవు, టీవీల్లేవు, కాంట్రాక్టర్ల డబ్బు లేదు. పొద్దు గూకాక ఒకచోట కూర్చునే జనం, ఒక మైకు, చెప్పుకోవాల్సిన మాట, ఇవే ఉన్నాయి. వీటిని కూడా పాడుచేసుకుంటే చేతిలో ఏం మిగులుతుంది?

సభ ఎట్లా నడుస్తుందో అందరికీ తెలిసిందే. కరపత్రంలో ఏడింటికని వేస్తాం. మొదలయ్యేది ఎనిమిదిన్నరకి. సభాధ్యక్షుడు వేదిక మీది పదహారు మందినీ పేరుపేరునా, హోదాలతో సహా పిలుస్తాడు. ఒక్కొక్కరికీ దండ, శాలువా, ఫోటో. తర్వాత మాట్లాడే ప్రతివాడూ ఆ పదహారు పేర్లూ మళ్లీ చదువుతాడు. "వేదికనలంకరించిన పెద్దలు" అయిపోయేసరికి తొమ్మిదిన్నర. తెల్లారగట్ల నాలుగింటికి లేవాల్సిన ఆడోళ్లు నిద్రపోతున్న పిల్లల్ని భుజానేసుకుని లేచిపోతారు. విషయం తెలిసిన మనిషి చేతికి మైకు వొచ్చేసరికి ముందు మిగిలేది నలుగురు కుర్రాళ్లూ, మైకు సెట్టతనూ. రాత్రి పదింటి తర్వాత మైకు వాడకూడదని 2000 సంవత్సరంలో వొచ్చిన శబ్దకాలుష్య నిబంధనలు చెప్తున్నాయి. ఊళ్లో జాతరకి తెల్లార్లూ రికార్డులు మోగినా చెవిన పడని ఈ నిబంధన, మన సభ దగ్గర మాత్రం పదీ ఐదుకల్లా కానిస్టేబులుకి గుర్తొస్తుంది. సభ మొత్తంలో అందరికీ అర్థమైన మాట "హలో హలో మైక్ టెస్టింగ్" ఒక్కటేనని పల్లెల్లో నవ్వుకుంటారు. ఆ నవ్వులో మనకి చురక ఉంది.

ఇది టైముకి సంబంధించిన సంగతి. దీన్ని సరిచేసుకోవటం తేలికే. దండలు తగ్గించొచ్చు, పేర్లు ఒకసారే చదవొచ్చు. అంతకన్నా లోతైన జబ్బు ఇంకొకటుంది.

టౌన్నుంచి వొచ్చిన వక్త ఊళ్లో పెద్దకులాల్ని పేరు పెట్టి తిడతాడు. "తన్నండి, తరమండి, ఇక ఊరుకునేది లేదు" అంటాడు. ఈలలు, చప్పట్లు. పదిన్నరకి బండెక్కి వెళ్లిపోతాడు. పొద్దున్నే అదే పల్లె మనిషి అదే భూస్వామి పొలానికి పనికి పోవాలి. అదే చేను గట్టు మీద నడిచి బయటికి పోవాలి. అదే కిరాణా కొట్టులో అప్పు పెట్టాలి. రాత్రి సభలో ఎవరెవరు చప్పట్లు కొట్టారో అవతలివాళ్లకి అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. పనిలోకి రావద్దంటారు, పాలు పొయ్యమంటారు, గడ్డికి రానివ్వరు. వక్త ఫోను తియ్యడు. ఉపన్యాసం బాగా చెప్పాడా లేదా అన్నది చప్పట్లు పడ్డప్పుడు తేలదు. మర్నాడు పొద్దున పల్లె ఎట్లా ఉందన్న దాన్నిబట్టే తేలుతుంది.

భయపడి మాట్లాడమని మేం అనటంలేదు. మెత్తగా మాట్లాడమని అసలే అనటంలేదు. బాబాసాహెబ్ ఏంచేశాడో చూడండి. మన సభల్లో ఆయన పేరు వెయ్యిసార్లు తలుచుకుంటాం, ఆయన ఎట్లా మాట్లాడేవాడో మాత్రం ఎప్పుడూ చెప్పుకోం.

మహద్ సంగతి తీసుకుందాం. బొంబాయి రాష్ట్రంలో కొలాబా జిల్లాలో చిన్న పట్నం. అక్కడి చవదార్ చెరువుని అంటరానివాళ్లు కూడా వాడుకోవచ్చని 1924లోనే మునిసిపాలిటీ తీర్మానం చేసింది. కాయితం మీద హక్కొచ్చింది, నీళ్లు మాత్రం దక్కలేదు. 1927 మార్చి 19, 20 తేదీల్లో అక్కడ సభ జరిగింది. రెండోరోజు వేలమంది ఊరేగింపుగా చెరువు దగ్గరికి నడిచారు. అంబేడ్కర్ ముందు దిగి దోసిట్లో నీళ్లు తాగాడు. వెనక జనం తాగారు. కాసేపటికే "వీళ్లు గుళ్లోకి కూడా వొస్తారంట" అని పుకారు పుట్టించారు. పెద్దకులాల గుంపులు కర్రలు తీసుకుని, అన్నాలు తింటున్నవాళ్ల మీద, ఇళ్లకి పోతున్నవాళ్ల మీద పడి కొట్టాయి. మనవైపు పట్టాళంలో పనిచేసొచ్చిన మహర్లు చాలామంది ఉన్నారు. ఆయన నోటివెంట ఒక్క మాట వొస్తే చాలని ఎదురుచూశారు. ఆయన ఆ మాట అనలేదు. తిరిగి కొట్టొద్దని ఆపాడు. దెబ్బలు తిన్నవాళ్లని ఆసుపత్రికి పంపాడు, కొట్టినవాళ్ల మీద కేసులు పెట్టించాడు. వీళ్లు ముట్టుకున్న చెరువని చెప్పి వాళ్లు పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపి 108 కుండలు పోసి దాన్ని శుద్ధి చేసుకున్నారు.

ఆ డిసెంబరులో మళ్లీ సభ పెట్టారు. పందిరి వెయ్యటానికి ఏ హిందువూ స్థలం ఇవ్వలేదు, ఒక ముస్లిం ఇచ్చాడు. బియ్యం పప్పులు కూడా బయటినుంచి తెచ్చుకోవాల్సొచ్చింది. ఈసారి సభ పెట్టిందే చెరువు నీళ్లు తాగటానికి. ఈలోగా పెద్దకులాలవాళ్లు కోర్టుకెళ్లి, చెరువు తమ సొంత ఆస్తి అని చెప్పి ఇంజంక్షన్ తెచ్చారు. డిసెంబరు 25న అంబేడ్కర్ చెప్పిన ప్రారంభోపన్యాసం ముందే రాసుకుని తెచ్చుకున్నది. అందులో 1789లో ఫ్రాన్సులో కూర్చున్న ప్రజాప్రతినిధుల సభ గురించి చెప్పాడు. ఆ చెరువు నీళ్లు తాగితే ఎవరూ అమరులైపోరని, తామూ మనుషులమేనని నిలబెట్టటానికే చెరువు దగ్గరికి పోతున్నామని చెప్పాడు. విన్నవాళ్లలో అక్షరం ముక్క రానివాళ్లే ఎక్కువ. వాళ్లకి ఫ్రాన్సు సంగతి ఎందుకని ఆయన అనుకోలేదు. మీరు చేస్తున్నది ప్రపంచ చరిత్రలో ఫలానా దానితో సమానమైన పని అని వాళ్లకి వాళ్ల భాషలో, మరాఠీలో చెప్పాడు. ఆ రాత్రే మనుస్మృతిని తగలబెట్టారు.

ఆ తర్వాత జరిగిందాన్ని మన కార్యకర్తలు నిదానంగా చదవాలి. కోర్టు ఉత్తర్వు ఉన్నా సరే చెరువులో దిగాల్సిందేనని ప్రతినిధులు పట్టుబట్టారు. జైలుకి సిద్ధపడ్డారు. కలెక్టరు వొచ్చి వొద్దంటే వినలేదు. చివరికి అంబేడ్కరే లేచి, సత్యాగ్రహాన్ని ప్రస్తుతానికి ఆపుదామని చెప్పాడు. మన పోరాటం పెద్దకులాల మీద, ఇప్పుడే సర్కారుతో కూడా తలపడితే రెండువైపులా దెబ్బలు తినేది మీరేనని వివరించాడు. కత్తి దూసి నిలబడ్డ జనానికి కత్తి ఒరలో పెట్టమని చెప్పటం కన్నా కష్టమైన ఉపన్యాసం ఉంటుందా? అది చెప్పినవాడికి ఈలలు పడవు. పిరికివాడంటారేమోనన్న భయం కూడా ఉంటుంది. ఆయన చెప్పాడు, జనం ఒప్పుకున్నారు. ఊరేగింపుగా చెరువు దాకా వెళ్లి తిరిగొచ్చారు. చెరువు కేసు పదేళ్లు నడిచింది. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు మనవైపు తీర్పు చెప్పింది.

ఆ రెండు సభల్లోనూ ఆయన మాట్లాడింది, సభ అయిపోయాక కాలినడకన తమ ఊళ్లకి పోయే మహర్ల కోసం. ఆ దారుల్లో వాళ్ల కోసం ఎవరు కాపుకాసి ఉంటారో ఆయనకి తెలుసు.

ఇప్పుడు రాసుకోవటం గురించి. మనలో ఒక పాడు నమ్మకం ఉంది: "కాయితం చూసి మాట్లాడేవాడు వక్తేంటి? మైకు దొరికితే గంట దంచాలి." బాబాసాహెబ్ కన్నా గొప్ప వక్తలమా మనం? ఆయన రాసుకున్నాడు, కొట్టేశాడు, మళ్లీ రాసుకున్నాడు. లాహోరులో జాత్-పాత్ తోడక్ మండల్ అనే సంస్కర్తల సంఘం 1936లో తమ వార్షిక సభకి అధ్యక్షుడిగా ఆయన్ని పిలిచింది. ఉపన్యాసం ముందే రాసి అచ్చువేయించాడు. చదివి వాళ్లు ఉలిక్కిపడ్డారు. హిందూమతం వొదిలేస్తానన్న మాట తియ్యమన్నారు, శాస్త్రాల మీద చెప్పింది తియ్యమన్నారు. కామా కూడా మార్చనన్నాడాయన. సభే రద్దయిపోయింది. నోటితో చెప్పే ఉపన్యాసమే అయితే కథ అక్కడితో ముగిసేది. రాసింది కాబట్టి మిగిలింది. సొంత డబ్బుతో 1500 కాపీలు వేస్తే రెండు నెలల్లో అయిపోయాయి. మనం ఇవాళ 'కులనిర్మూలన' అని చదువుకుంటున్నది ఎవరూ వినని ఆ ఉపన్యాసమే.

రాసుకోకపోతే ఏమౌతుందో చెప్పే కథ ఒకటి అమెరికాలో ఉంది. సోజర్నర్ ట్రూత్ అని ఒక నల్లజాతి తల్లి, న్యూయార్కు రాష్ట్రంలో బానిసగా పుట్టింది. చిన్నప్పుడు మాట్లాడిన భాష డచ్చి. చదవటం రాయటం రాదు. 1851లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో ఆడవాళ్ల హక్కుల సభలో మాట్లాడింది. కొద్దిరోజులకే ఒక పత్రిక ఆమె చెప్పింది వేసింది. మళ్లీ 12 ఏళ్లకి, 1863లో, సభ నడిపిన తెల్ల ఆవిడ దాన్ని తన జ్ఞాపకంతో రాస్తూ, ఆమె ఎన్నడూ మాట్లాడని దక్షిణాది యాస ఆమె నోట్లో పెట్టింది. మొదటి పత్రికలో కనపడని ఒక ప్రశ్నని నాలుగుసార్లు అనిపించింది. లోకమంతా ఎక్కువగా చెప్పుకునేది ఆ రెండోదాన్నే. మంచిమనసుతోనే చేసుండొచ్చు. అయినా ఆ తల్లి మాట ఆమెది కాకుండా పోయింది. మన అవ్వలు, అమ్మలు సభల్లో చెప్పిన మాటలు ఎన్ని ఇట్లా పోయాయో. చదువుకున్న పిల్లలు పక్కన కూర్చుని, అవ్వ మాట అవ్వ యాసలోనే రాసుకోవాలి. దిద్దొద్దు.

రాయమన్నాం కదా అని పుస్తకం భాష రాయకండి. "సామాజిక ఆర్థిక రాజకీయ సాంస్కృతిక రంగాలలో అణచివేతకు గురవుతున్న నిమ్నవర్గ ప్రజానీకం" అని మొదలుపెడితే ఆ ప్రజానీకం అక్కడే ఆవలిస్తుంది. రాసింది ముందు ఇంట్లో అమ్మకి చదివి వినిపించండి. "ఏందిరా అది?" అని ఎక్కడ అడిగితే అక్కడ గీత కొట్టండి. ఆమెకి అర్థమయ్యేట్టు మళ్లీ చెప్పి చూడండి, మీ నోటివెంట ఏ మాట వొచ్చిందో అదే రాసుకోండి. ఫూలే 1873లో రాసిన 'గులాంగిరి'ని ఇద్దరు మనుషులు మాట్లాడుకున్నట్టు, ఒకరడిగితే ఒకరు చెప్పినట్టు నడిపాడు. కాన్షీరాం జేబులోంచి బాల్‌పెన్ను తీసి నిలువుగా పట్టుకుని, పైన టోపీ ఎంత, కింద మోసే గొట్టం ఎంత అని చూపించేవాడు. పెన్నుని అడ్డంగా తిప్పి, మనం తేవాల్సిన సమాజం ఇదీ అనేవాడు. పెన్ను చూసినవాడికి నిచ్చెనమెట్ల వ్యవస్థ అనే మాట అక్కర్లేకపోయింది. మన పల్లెలో అట్లాంటివి ఎన్ని లేవు! తాళం వేసిన కమ్యూనిటీ హాలు ఉంది. శ్మశానానికి పోవటానికి దారి లేని దిబ్బ ఉంది. టీ కొట్లో వేరేగా పెట్టిన గ్లాసు ఉంది.

ప్రశ్నలు అడగటం కూడా బాబాసాహెబ్ దగ్గరే నేర్చుకోవాలి. 1930 నవంబరు 20న లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో, బ్రిటిషు ప్రధాని కూర్చున్న సభలో ఆయన లేచి, మీరు రాకముందు మాకు ఊరిబావి నీళ్లు లేవు, మీరొచ్చి ఇన్నేళ్లయింది, ఇప్పుడున్నాయా అన్న తీరులో అడిగాడు. బావి తర్వాత గుడి, తర్వాత పోలీసు ఉద్యోగం, తర్వాత పట్టాళం. దేనికీ వాళ్ల దగ్గర జవాబు లేదు. తిట్టు ఒక్కటీ లేదందులో. ఎదుటివాడి మొహం మీద పెట్టి తప్పించుకోలేని లెక్క అడిగాడు. మన ఎమ్మెల్యే వేదిక మీద కూర్చున్నప్పుడు మనం చేస్తున్నదేంటి? "పెద్దలు, గౌరవనీయులు" అని మొదలుపెట్టి ఆయన దయ వల్ల వేసిన సిమెంటు రోడ్డుకి కృతజ్ఞతలు చెప్తున్నాం. ఆ రోడ్డుకి వాడింది సబ్ ప్లాన్ డబ్బు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చట్టం చేస్తే వొచ్చిన మన వాటా. ఎంత కేటాయించారు, ఎంత ఖర్చుపెట్టారు, దేనికి మళ్లించారు అని ఆయన మొహం మీదే అడగాలి. అందుకు ముందు వారం మండలాఫీసు చుట్టూ తిరిగి అంకెలు తెచ్చుకోవాలి. మంచి ఉపన్యాసంలో సగం పని అక్కడే అయిపోతుంది.

అంకెల మాట వొచ్చింది కాబట్టి కటువుగా ఒకటి చెప్పాలి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఆరుని ఆరనే చెప్పండి, ఎనిమిదిని ఎనిమిదనే చెప్పండి. వేదికల మీద ఈ అంకెలు పెరుగుతూ పోవటం మేం విన్నాం. చంపిన తీరుకి కూడా కథలు కలుపుతున్నారు. జరిగింది చాలదా? కలిపిన ప్రతి అబద్ధమూ చనిపోయినవాళ్లకి ద్రోహమే. అవతలి వకీలుకి అది ఆయుధం కూడా. చుండూరు కేసు కోసం ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చోవాలని ఉద్యమం పట్టుబట్టి సాధించుకుంది. ఆ కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వొదిలేసింది. అన్నేళ్లు సాక్షులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డారు. కారంచేడులో సాక్షిగా నిలిచిన అలిసమ్మనైతే చంపేశారు. సాక్షి చెప్పే మాటకి అంత ఖరీదు ఉన్నప్పుడు వక్త నాలుక అదుపులో ఉండాలి.

దాడి జరిగిన వారంలోనే సభ పెట్టి, కళ్లారా చూసిన మనిషి చేతికి మైకిచ్చి "ఏం జరిగిందో చెప్పమ్మా" అంటున్నాం. ఆమె దుఃఖంలో ఒక పేరు ముందూ వెనకా చెప్తుంది, ఒక టైము తప్పు చెప్తుంది. పది ఫోన్లలో రికార్డవుతుంది. రేపు కోర్టులో ఆమె మాటకీ ఈ వీడియోకీ ఉన్న తేడాని పట్టుకునే అవతలివాళ్లు ఆమెని నిలదీస్తారు. ఆమె వాంగ్మూలం అయ్యేదాకా ఆ విషయం మైకులో చెప్పించొద్దు. ఆమెని వేదిక మీద కూర్చోబెట్టండి, ఆమె తరఫున వకీలుతో మాట్లాడి తయారుచేసుకున్న కాయితం ఇంకొకరు చదవండి. అత్యాచారానికి గురైన ఆడపిల్ల పేరు, ఊరు మైకులో చెప్పటం నేరం. కోపంతో చెప్పినా నేరమే.

చట్టం గురించి మనం చెప్పే తీరు కూడా మారాలి. "అట్రాసిటీ చట్టం ఉంది, జాగ్రత్త!" అని అరిస్తే అవతలివాడు భయపడేది లేదు, ఇవతలివాడికి తెలిసేది లేదు. ఎవరి దగ్గరికి పోవాలి, ఎన్ని రోజుల్లో ఏం జరగాలి అన్నది చెప్పండి. ఫిర్యాదు రాసుకోవటానికి ముందస్తు విచారణ అక్కర్లేదని 2018లో చట్టంలోనే చేర్చారు. అంతకుముందు సుప్రీంకోర్టు వేరేగా చెప్పినందుకు ఆ ఏడాది ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది, మనోళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాబట్టి "ఎంక్వయిరీ చేసి చూస్తాం" అన్న ఎస్సైకి ఏం జవాబు చెప్పాలో ఆడోళ్లకి కూడా కంఠతా వొచ్చేట్టు చెప్పండి. విచారణ చెయ్యాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి అని చెప్పండి. 60 రోజుల్లో చార్జిషీటు వెయ్యాలని 2016లో సవరించిన నిబంధనలు చెప్తున్నాయి. పాతికేళ్ల కిందట క్లాసులో రాసుకున్న నోట్సు చూసి 30 రోజులని చెప్తున్న వక్తలు ఇంకా ఉన్నారు. మీ మాట నమ్మి 31వ రోజు స్టేషనుకి పోయిన మనిషి నవ్వులపాలవుతాడు. ఒక సభలో ఒక చట్టం, అందులో మూడు సంగతులు. అంతకన్నా ఎక్కువ చెప్తే ఇంటికి చేరదు.

ఒక్క ఉపన్యాసంతో మారేదేంటని నిరాశపడేవాళ్లకి 1917 నాటి బెజవాడ సంగతి చెప్పాలి. అక్కడ 'పంచమ' మహాజన సభ అని పేరుపెట్టి సభ పిలిచారు. హైదరాబాదు నుంచి వొచ్చిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. ఆయన అధ్యక్షస్థానంలో కూర్చుని, ఆ సభ పేరునే కాదన్నాడు. ఈ దేశపు మొదటి మనుషులకి ఐదోవాళ్లన్న పేరేంటని నిలదీశాడు. సభ పేరు ఆది ఆంధ్ర సభగా మారింది. తర్వాత్తర్వాత మద్రాసు ప్రభుత్వ రికార్డుల్లోకీ ఆ పేరు ఎక్కింది. పిలిచినవాళ్లు ఇచ్చిన పేరుని పిలిచినవాళ్ల వేదిక మీదే తిరగ్గొట్టిన ఉపన్యాసం అది. మన వక్తలు దాన్ని ఒక్కసారైనా తలుచుకోరు.

ఆడవాళ్ల సంగతి. మహద్‌లో అంబేడ్కర్ ఆడవాళ్లతో వేరుగా మాట్లాడాడు. చీర కట్టు, నగలు, పిల్లల చదువు, తాగుబోతు మొగుడు, ఇట్లా వాళ్ల రోజువారీ బతుకులోంచే మాట్లాడాడు. మన సభల్లో పదహారు కుర్చీల్లో ఒక కుర్చీ ఆమెకి, చివర్లో వందన సమర్పణ ఆమెకి. కారంచేడు ఎక్కడ మొదలైంది? తాగే నీళ్ల చెరువు దగ్గర కుడితి బకెట్లు కడుగుతుంటే ఇదేంటని అడిగిన మున్నంగి సువార్త దగ్గర, ఆమె ఎత్తిన బిందె దగ్గర. వేదిక లేదు, మైకు లేదు. ఆడమనిషి అడిగిన మాటతో పుట్టిన ఉద్యమం ఆడమనిషిని వందన సమర్పణకి పిలవటం సిగ్గుచేటు. ఈ ఏప్రిల్లో ప్రతి సభలో మొదటి ఉపన్యాసం, జనం నిండుగా ఉన్నప్పుడు చెప్పేది, ఒక కూలి స్త్రీ చెప్పాలి. పది నిమిషాలు చాలు. వొణికితే వొణకనివ్వండి.

ఇంకొకటి, చెప్పక తప్పదు. మాలపల్లెలో మైకు దొరికితే మాదిగల మీద, మాదిగపల్లెలో దొరికితే మాలల మీద వెటకారాలు. వర్గీకరణ మీద మూడు దశాబ్దాలుగా వాదం నడుస్తోంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు రాష్ట్రాలు వర్గీకరణ చేసుకోవచ్చని చెప్పింది. ఎవరి వాదం వాళ్లు గట్టిగా చెప్పుకోవచ్చు, చెప్పుకోవాలి. కానీ పక్కపల్లె తిండి మీద, పని మీద, మాట మీద వేసే జోకు వాదన కాదు. అది మనువు భాషే. దానికి పడే చప్పట్లు ఎవరికి ఆనందమో ఊరి నడిబొడ్డున అరుగు మీద కూర్చున్నవాళ్లని చూస్తే తెలుస్తుంది.

ఫోన్ల కాలం కాబట్టి మరో జాగ్రత్త. గంట ఉపన్యాసంలో ఇరవై సెకన్లు కత్తిరించి ఊరంతా తిప్పుతారు. "వాళ్లు మనల్ని చంపమంటున్నారు, మనం చంపాలా?" అన్న వాక్యంలో చివరి రెండు మాటలు కోసేస్తే ఏమౌతుందో ఆలోచించండి. ఒంటరిగా నిలబెట్టినా తప్పు అర్థం రాని వాక్యాలే రాసుకోండి. మీ కుర్రాడొకడు మొత్తం ఉపన్యాసం రికార్డు చేసి పెట్టుకోవాలి. రాసుకున్న కాయితం మీద తేదీ, ఊరి పేరు వేసి దాచండి. ఒక కాపీ మాకు పంపండి. పొట్టిగా ఉన్నా, తప్పులున్నా పంపండి. వీలైనన్ని రాబోయే సంచికల్లో వేస్తాం.

చివరగా ఒక పని. ఆ రోజు మధ్యాహ్నానికే పల్లెకి చేరండి. బోరింగు పనిచేస్తోందా, రేషను సరిగా వొస్తోందా, పిల్లలు ఏ బడికి పోతున్నారు, ఏ సర్వే నంబరు మీద గొడవుంది, అన్నీ అడిగి రాసుకోండి. మీ ఉపన్యాసం మొదటి పేజీ అక్కడ మారుతుంది, మారాలి. సభ అయ్యాక బండెక్కొద్దు. ఆ రాత్రి పల్లెలోనే, ఎవరింట్లోనో చాపేసుకుని పడుకోండి. తెల్లారగట్ల పనికి పోయేముందు ఒకావిడ వొచ్చి తలుపు దగ్గర నిలబడుతుంది. మైకు ముందు అడగలేకపోయిన సంగతి అడగటానికి వొస్తుంది. పట్టా కాయితమో, కొడుకు మీద కేసో, రాని కూలి డబ్బులో. కొంగులో ముడేసుకున్న కాయితం తీసి మీ చేతిలో పెడుతుంది. కూర్చోబెట్టి, చదివి చెప్పండి.